చెల్లి పుట్టాక మారిపోయిన బాబు: వారానికి అరగంట ఆట

ప్రశ్న: మా బాబుకు అయిదేళ్లు. పాప పుట్టి నాలుగు నెలలైంది. అప్పట్నుంచీ పాపను గిల్లుతున్నాడు, బొమ్మలు విరగ్గొడుతున్నాడు. ఎప్పుడో మానేసిన పక్క తడపడం మళ్లీ మొదలైంది. ఎందుకిలా చేస్తున్నావంటే నోరు విప్పడు. మా ఊళ్లో ప్లే థెరపీ (ఆటల ద్వారా పిల్లల మనసుకు చేసే చికిత్స) చేసేవాళ్లు లేరు. ఇంట్లో నేనే చేయవచ్చా?
– ఒక తల్లి, మధిర

జవాబు: ముందు పక్క తడపడం సంగతి. ఆరు నెలలకు పైగా పక్క తడపని పిల్లాడు మళ్లీ తడుపుతుంటే బెంగ వల్లేనని సరిపెట్టుకోకండి. పిల్లల డాక్టరుకు చూపించి మూత్ర పరీక్ష చేయించండి, మలబద్ధకం ఉందేమో చూడమనండి. దాహం బాగా పెరిగి బరువు తగ్గుతుంటే ఆ రోజే షుగర్ పరీక్ష చేయించాలి.

ఇక ఆట. చికిత్స చేయాల్సింది శిక్షణ పొందినవాళ్లే. అయితే అందులోని కొన్ని పద్ధతులను తల్లిదండ్రులకు నేర్పవచ్చని 1960లలో అమెరికాలో మనస్తత్వవేత్తలైన బెర్నార్డ్, లూయీస్ గెర్నీ దంపతులు చేసి చూపించారు. ఆ తర్వాత ప్లే థెరపీ నిపుణుడు గ్యారీ లాండ్రెత్ దాన్ని 10 తరగతుల శిక్షణగా కుదించారు. మీరు చేయగలిగింది అందులోదే: వారానికి ఒకసారి, అదే రోజు, అదే వేళకు, అదే చోట 30 నిమిషాలు. మీరూ బాబూ మాత్రమే ఉండాలి, ఫోన్ వేరే గదిలో ఉండాలి. పాప నిద్రపోయే సమయం చూసి పెట్టుకోకండి. మధ్యలో పాప లేచి ఏడిస్తే మీరు లేచి వెళ్లాల్సి వస్తుంది, మళ్లీ చెల్లే ముఖ్యమని వాడికి రుజువవుతుంది. పాపను ఎత్తుకోవడానికి ఇంకో మనిషి ఉన్న వేళే మంచిది.

ఒక అట్టపెట్టె తీసుకోండి. అందులో ఒక పసిపాప బొమ్మ, పాలసీసా, అమ్మానాన్నలుగా, పిల్లలుగా పనికొచ్చే నాలుగైదు చిన్న బొమ్మలు, లక్కపిడతలు, డాక్టరు సెట్టు, డైనోసారో పులో, మెత్తటి రబ్బరు కత్తి, క్రేయాన్లు, కాగితాలు పెట్టండి. పిసకడానికి పిండిముద్ద కూడా కావాలి. కప్పు మైదాలో అర కప్పు ఉప్పు, చెంచా నూనె, చిటికెడు పసుపు వేసి, సుమారు అర కప్పు నీళ్లు కొద్దికొద్దిగా పోస్తూ చపాతీ పిండిలా కలపండి. ఉప్పు ఎక్కువ కాబట్టి నోట్లో పెట్టుకోనివ్వకండి. బ్యాటరీ బొమ్మలు, పజిళ్లు వద్దు. వాటితో ఎలా ఆడాలో ముందే ఖాయమై ఉంటుంది, వాడి మనసులోది బయటపడదు. కత్తి ఎందుకని చాలామంది తీసేస్తారు. కోపం చూపించే వస్తువు ఒక్కటీ లేకపోతే వాడు మీ మెప్పు కోసమే ఆడతాడు. మిగతా రోజుల్లో ఈ పెట్టె అటక మీదే ఉండాలి.

చాప పరిచి, "ఈ అరగంట చాలావరకు నీ ఇష్టం వచ్చినట్టు ఆడుకోవచ్చు" అని చెప్పి వాడి పక్కనే కింద కూర్చోండి.

అసలు కష్టం ఇక్కడే. ప్రశ్నలు వేయకూడదు, నేర్పకూడదు, మెచ్చుకోకూడదు. "ఇదేం రంగు నాన్నా?" అన్నారంటే ఆట పరీక్షైపోతుంది. "వెరీ గుడ్" అన్నారంటే మీకు నచ్చినదే మళ్లీ చేస్తాడు. చూసింది చూసినట్టు, వాడికి అనిపిస్తున్నది అనిపిస్తున్నట్టు చెప్పండి చాలు: "వాటన్నిటినీ వరసగా పెడుతున్నావు", "అది నిలబడట్లేదని విసుగొచ్చింది". గుర్రం బొమ్మను వాడు కారంటే అది కారే. "ఇప్పుడేం చేయాలి?" అని అడిగితే, "అది నువ్వే చెప్పొచ్చు" అనండి.

పసిపాప బొమ్మను కొడతాడు, డబ్బాలో పడేసి మూత పెడతాడు. మీకు గుండె ఝల్లుమంటుంది. "తప్పు, చెల్లిని అలా కొట్టచ్చా?" అని మాత్రం అనకండి. "ఆ పాప మీద చాలా కోపంగా ఉంది" అనండి. నోటితో చెప్పలేనిది వాడు చెబుతున్నాడు, మీరు విన్నారని తెలియాలి. వాడే పాలసీసా నోట్లో పెట్టుకుని ఒళ్లో పడుకుంటే పడుకోనివ్వండి.

నిజం మనిషిని కొట్టబోతే మాత్రం ఆపాలి. గొంతు పెంచకుండా మూడు మాటలు, ఇదే వరసలో: "నన్ను కొట్టాలనిపిస్తోంది. కానీ నేనున్నది కొట్టించుకోవడానికి కాదు. ఆ దిండును కొట్టొచ్చు." మొదటి మాట వదిలేసి రెండోదానితో మొదలుపెడితే అది మామూలు తిట్టే అవుతుంది. మూడోది మరిస్తే కోపానికి దారి ఉండదు. అయినా ఆగకపోతే, మళ్లీ కొడితే ఆ రోజుకు ఆట అయిపోతుందని చెప్పి, అన్నట్టే చేయండి.

అయిదు నిమిషాలుందనగా ఒకసారి, ఒక నిమిషం ఉందనగా ఇంకోసారి చెప్పండి. టైమ్ అయ్యాక బతిమాలినా పొడిగించవద్దు. బొమ్మలు మీరే సర్దండి, వాడితో సర్దించవద్దు. మొదటి వారాల్లో కొట్టే ఆట పెరగవచ్చు, భయపడి మానేయకండి. వారంలో ఏ అల్లరి చేసినా, శిక్షగా ఈ అరగంటను మాత్రం రద్దు చేయవద్దు.

ప్రశ్న: ఇలా వదిలేస్తే నెత్తికెక్కుతాడని మా అత్తగారు అంటున్నారు. ఆటలో ఏం చేశాడో కూడా అడుగుతున్నారు.

జవాబు: మిగతా వారమంతా ఇంటి నియమాలు ఎప్పటిలాగే ఉంటాయని ఆవిడతో చెప్పండి. పాపను గిల్లితే ఏ రోజైనా ఆపాల్సిందే. ఇద్దరినీ ఒంటరిగా వదలకండి. ఆటలో జరిగింది మాత్రం వాడి ముందు ఎవరితోనూ చెప్పవద్దు. నలుగురూ నవ్వారంటే మళ్లీ మనసు విప్పడు.

ప్రశ్న: డాక్టరు దగ్గరికి ఎప్పుడు వెళ్లాలి?

జవాబు: పది వారాలు చేసినా మార్పు లేకపోయినా, తనను తాను గాయపరచుకుంటున్నా, మాటలు వెనక్కి పోతున్నా, ఒంటిని ఎవరో తాకినట్టు ఆటలో పదేపదే చూపిస్తున్నా ఇంట్లో ప్రయత్నాలు చాలవు. చివరిదైతే వాడిని గుచ్చిగుచ్చి అడగకుండా వెంటనే పిల్లల సహాయ నంబరు 1098కి ఫోన్ చేయండి. మిగతావాటికి జిల్లా ఆసుపత్రిలోని సత్వర చికిత్సా కేంద్రంలో చూపించండి, లేదా ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ నంబరు టెలి మానస్ 14416కి ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు.