సోలోలో ల్యాండింగ్ తప్పింది, పైలట్ కోర్సు మాన్పించేయాలా?

"మా అబ్బాయి సోలోలో, అంటే ఇన్‌స్ట్రక్టర్ లేకుండా ఒక్కడే, సెస్నా 172 అనే చిన్న ట్రైనింగ్ విమానం దింపుతుంటే మూడుసార్లు ఎగిరెగిరి పడి ముందు చక్రం విరిగింది, ప్రొపెల్లర్ రన్‌వేకి తగిలింది, దెబ్బలేం తగల్లేదు. కోర్సు మాన్పించి ఏటీసీకో (విమానాల రాకపోకలు నడిపించే కంట్రోల్ ఉద్యోగం) విమానాల మెయింటెనెన్స్‌కో పంపాలా, పోల్చి చెప్పండి" అని ఒక తండ్రి రాశారు.

సార్, కోపం తెచ్చుకోకండి, మీ మెసేజ్‌లో సగం రిపేర్ బిల్లు గురించే ఉంది, అబ్బాయికి నిద్ర పడుతోందో లేదో ఒక్క ముక్క లేదు. ప్రొపెల్లర్ నేలకి తగిలితే ఇంజన్ విప్పి చూడాల్సిందే, ఖర్చవుతుంది, అది పిల్లాడి మీద అరిస్తే తగ్గేది కాదు కదా.

ఇలాంటివి ట్రైనింగ్‌లో కొత్త కాదు. స్పీడ్ కాస్త ఎక్కువతో వస్తే, నేల తాకే ముందు ముక్కు కాస్త పైకెత్తే ఫ్లేర్‌లో విమానం దిగకుండా తేలుతూ పోతుంది, ఆగలేక యోక్ (విమానం స్టీరింగ్) ముందుకి నెడితే ముందు చక్రం మొదట తగిలి పైకి లేస్తుంది, కంగారులో మళ్ళీ నెడతారు, ఈసారి ఇంకా గట్టిగా పడుతుంది. ఆ దెబ్బ కాయాల్సింది వెనక రెండు చక్రాలు, ముందుది తట్టుకోలేదు. మొదటిసారి లేచినప్పుడే ఫుల్ పవర్ ఇచ్చి, ముక్కు పక్కకి తిరగకుండా కుడి రడ్డర్ పెడల్ తొక్కి గో అరౌండ్ చేసుంటే, అంటే దిగడం మానేసి మళ్ళీ పైకి లేచి ఇంకో చుట్టు తిరిగొచ్చుంటే, బయటపడేవాడు, కానీ అది చేతికి అలవాటు కావాలి, అబ్బాయికి ఇంకా కాలేదు, అంతే.

నా అనుమానమంతా "ఇన్ని నెలల్లో పైలట్" అనే ఫాస్ట్ ట్రాక్ కోర్సుల మీదే. వాతావరణం బాగోక వారాలు ఎగరరు, తర్వాత ఫ్లైయింగ్ గంటలు పూర్తి చేయాలని తరుముతారు, మధ్యలో ఇన్‌స్ట్రక్టర్ మారతాడు, ఇంటి నుంచేమో రోజూ "ఎన్ని గంటలయ్యాయిరా" అని ఫోన్. గో అరౌండ్ చేస్తే ఇంకో రౌండ్ డబ్బులు పోతాయని లెక్కేసుకుని ఎలాగోలా దింపేసే పిల్లలతో మాట్లాడాను సార్ నేను, ఆ లెక్క వాళ్ళ బుర్రలో పెట్టింది మనమే.

ఏటీసీ, మెయింటెనెన్స్ రెండూ మంచివే, ఇష్టముండి వెళ్ళేవాళ్ళకి. భయంతో పంపొద్దు, అక్కడా తప్పు ఖరీదు తక్కువేం కాదు.

ఇప్పటికి సోలో ఆపి, ఓపికున్న ఇన్‌స్ట్రక్టర్‌తో డ్యూయల్‌లో ల్యాండింగ్‌లు, ముఖ్యంగా ఫ్లేర్ నుంచి గో అరౌండ్‌లు చేయించమనండి. జరిగింది దాచొద్దు, రేపు ఇంటర్వ్యూలో అడిగితే ఉన్నదున్నట్టు చెప్పాలి. ఇంత చేశాక కూడా సీట్లో కూర్చోగానే చేతులు వణుకుతుంటే మళ్ళీ రాయండి, ఈసారి అబ్బాయినే రాయమనండి.