రాగుసా నగరాన్ని జరిపినా ఆటగాళ్లకు పాత చోటే ఎందుకు కనిపిస్తోంది?

మీరు ప్రాంతాలను చూపే మ్యాప్ రీజియన్స్ చిత్రంలో రాగుసా నగరాన్ని సూచించే నల్ల చుక్కను జరిపినా, మెడీవల్ 2: టోటల్ వార్ అనే కంప్యూటర్ ఆటకు మీరు చేసిన మాడ్ (ఆటను మార్చే ఫైళ్ల కూర్పు) ఆడేవారికి నగరం పాత చోటే కనిపించడానికి కారణం దాదాపుగా వారి వద్ద మిగిలిపోయిన మ్యాప్.ఆర్‌డబ్ల్యూఎం ఫైలే. ఆట ప్రతిసారీ చిత్రాలను చదవదు. వాటి నుంచి ఒకసారి తయారుచేసుకున్న ఆ ఫైలునే వాడుకుంటుంది; అది లేకపోతేనే మళ్లీ తయారుచేసుకుంటుంది. అప్‌డేట్‌ను పాతదానిపై కాపీ చేస్తే కొత్త ఫైళ్లు చేరతాయే గాని ఈ పాత ఫైలు చెరిగిపోదు. చాలామంది మరచిపోయేది ఇక్కడే; మీ కంప్యూటరులో దాన్ని ఎప్పుడో తొలగించి ఉంటారు కనుక మీకు అంతా సరిగానే కనిపిస్తుంది.

1. డేటా, వరల్డ్, మ్యాప్స్, బేస్ ఫోల్డర్ల వరుసలో వెళ్లి ఆ ఒక్క ఫైలును తొలగించమని ఆటగాళ్లకు చెప్పండి. ప్రధాన ఆట ఫోల్డరులోనిది కాదు, మాడ్ ఫోల్డరులోనిది.

2. కొత్త క్యాంపెయిన్ మొదలుపెట్టాలి. పాత సేవ్ (దాచుకున్న ఆట) పనికిరాదన్న మాట ముందే చెప్పకపోతే ఫిర్యాదులు ఆగవు.

3. క్యాంపెయిన్ తెరుచుకోకుండా మెనూకు తిరిగివస్తే చిత్రాన్ని పరిశీలించండి: ప్రతి ప్రాంతానికి నల్ల చుక్క ఒక్కటే ఉండాలి, ఓడరేవును సూచించే తెల్ల చుక్క ఒకటికి మించకూడదు.

4. రక్షక సైన్యం నగరం బయట నిలబడి కనిపిస్తే, క్యాంపెయిన్ ఆరంభ స్థితిని నిర్ణయించే డిస్క్ర్ స్ట్రాట్ ఫైలులో సేనాని నిరూపకాలను కొత్త చోటికి మార్చండి.