గంజి గుడ్డ మీద రంగు నిలవదు: స్క్రీన్ ప్రింటింగ్ ప్రశ్నలు, జవాబులు

ఈసారి ఉత్తరాల్లో ఎక్కువగా వినిపించిన మాట "రంగు పోతోంది". అందుకని దానితోనే మొదలుపెడుతున్నాం.

ప్రశ్న: పెళ్లికి తాంబూలం సంచులు కావాలంటే కోరా గుడ్డతో 40 కుట్టి, మెరూన్ పిగ్మెంట్‌తో ప్రింట్ వేశాం. ఆరాక ఇస్త్రీ కూడా చేశాం. ఒక్క ఉతుకుకే సగం రంగు పోయింది. మాకు అమ్మిన రంగు నాసిరకమా?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: రంగుని అనకండి, ముందు గుడ్డని చూడండి. మగ్గం మీద నూలు తెగకుండా పడుగుకి గంజి పెడతారు. కోరా గుడ్డ దుకాణానికి ఆ గంజితోనే వస్తుంది. దాని కింద పత్తికి పుట్టుకతో ఉండే మైనం కూడా ఉంటుంది. మీరు లాగిన రంగు నూలుని పట్టుకోలేదు, గంజి పొర మీద కూచుంది. ఉతికితే గంజి కరిగింది, రంగుని వెంటబెట్టుకుని పోయింది.

గుడ్డ మీద ఓ నీటిచుక్క వేయండి. 5 సెకన్లలో ఇంకితే గుడ్డ సిద్ధం. ముత్యంలా నిలబడితే కాదు. మందుల పెట్టెలో టింక్చర్ అయోడిన్ ఉంటే కాస్త నీళ్లు కలిపి చుక్క వేయండి, గంజి ఉన్నచోట ముదురు నీలంగా మారుతుంది. అప్పుడు గుడ్డని రాత్రంతా నానబెట్టి, జాడించి, లీటరు నీటికి 5 గ్రాముల బట్టల సోడా, 2 గ్రాముల డిటర్జెంట్ చొప్పున వేసి ముప్పావుగంట మరిగించాలి. నీళ్లు డికాషన్ రంగుకి వస్తాయి, కంగారు పడకండి. రెండు మూడు నీళ్లు మార్చి జాడించి, ఎండబెట్టి, ఇస్త్రీ చేయండి. చివరి నీళ్లలో గంజిగానీ, బట్టలు మెత్తబడే ద్రవంగానీ వేశారో, పడ్డ శ్రమంతా మళ్లీ మొదటికే.

రెండో అనుమానం ఇస్త్రీ మీద. పిగ్మెంట్ రంగుకి తనంతట తాను నూలుని పట్టుకునే గుణం లేదు. దాన్ని పట్టి ఉంచేది బైండర్ అనే జిగురు. ఆ బైండర్ గట్టిపడాలంటే సుమారు 150 డిగ్రీల వేడి 4 నుంచి 5 నిమిషాలు తగలాలి. రంగులో తడి ఉన్నంతసేపు గుడ్డ 100 డిగ్రీలు దాటదు, మీరిచ్చిన వేడంతా నీటిని ఆవిరి చేయడానికే సరిపోతుంది. కాబట్టి రంగు పూర్తిగా ఆరాకే ఇస్త్రీ పట్టుకోండి. పెట్టె డయల్‌ని కాటన్ దగ్గర ఉంచి, ఆవిరి కట్టేసి, మధ్యలో బటర్ పేపర్ వేసి, ఏ4 కాగితమంత మేర కదుపుతూ ముందువైపు 4 నిమిషాలు, వెనక 2 నిమిషాలు నొక్కాలి. పైపైన రెండుసార్లు లాగి వదిలేస్తే అది మడతలు పోగొట్టే ఇస్త్రీయే అవుతుంది. హీట్ ప్రెస్ ఉంటే ఈ బాధ లేదు.

మూడోది, ముదురు మెరూన్ కోసం పిగ్మెంట్ ఎక్కువ పోసి ఉంటారు. కిలో బైండర్ పేస్టుకి 30 నుంచి 50 గ్రాములు మామూలు, బాగా ముదురు కావాలంటే 80. అది దాటితే మిగులు రంగుని పట్టుకోవడానికి బైండర్ చాలదు, పొడిచేత్తో రుద్దినా అంటుకుంటుంది. ఫిక్సర్ (బైండర్ గట్టిపడటానికి కలిపే మందు) కిలోకి 10 నుంచి 20 గ్రాములు చాలు. కలిపిన పేస్టుని ఆ పూటే వాడేయాలి, మర్నాటికి దాచకండి.

ఇంకా ఉతకని సంచులుంటే వాటికి మళ్లీ వేడి పట్టించి, 3 రోజులు ఆగి, ఒకటి ఉతికి చూడండి. గంజి మీద పడినవాటిని మాత్రం ఏ వేడీ కాపాడలేదు.

ప్రశ్న: వేసవిలో బాగా వచ్చిన స్క్రీన్లు వానాకాలంలో కడుగుతుంటేనే ఊడిపోతున్నాయి. అదే ఎమల్షన్, అదే లైటు, అదే టైము.
– కాకినాడ పాఠకుడు

జవాబు: మారింది గాలి. ఎమల్షన్ అంటే స్క్రీన్ మెష్ (జాలీ గుడ్డ) మీద పూసే పొర. వెలుతురు తగిలినచోట గట్టిపడి జాలీని మూస్తుంది, డిజైన్ ఉన్నచోట కడిగితే ఊడి రంగుకి దారి ఇస్తుంది. సముద్రం పక్కన, అందులోనూ వానల్లో, చేతికి ఆరినట్టు తగిలే ఎమల్షన్ పొర లోపల పచ్చిగానే ఉంటుంది. లోపల నీరున్నచోట వెలుతురు పడినా ఎమల్షన్ గట్టిపడదు. అందుకే పైపొర నిలిచి, స్క్వీజీ (రంగుని లాగే రబ్బరు పట్టీ) వైపు జారుగా కరిగి వస్తుంది. చాలామంది దీన్ని లైటు చాల్లేదనుకుని టైము పెంచుతారు. అప్పుడు సన్నగీతలు మూసుకుపోతాయి, ఊడటం మాత్రం ఆగదు.

పసుపు బల్బు వెలుతుర్లో ఎమల్షన్ పూయండి. ప్రింట్ వైపు (గుడ్డకి తగిలే వైపు) రెండుసార్లు, స్క్వీజీ వైపు ఒకసారి. ప్రింట్ వైపు కిందకి ఉండేలా ఫ్రేమ్‌ని అడ్డంగా పడుకోబెట్టి ఆరనివ్వండి. ఒక మూసిన బీరువాలో చిన్న ఫ్యాను, రెండు మూడు గుప్పిళ్ల సిలికా జెల్ పెడితే చాలు, వానాకాలం గదికన్నా అదే నయం. వేడిగాలి పెట్టాలనిపిస్తే 40 డిగ్రీలు దాటనివ్వకండి, ఆపైన ఎమల్షన్ వెలుతురు లేకుండానే బిగుసుకుంటుంది.

తర్వాత టైము ఒకసారి కొలవండి. ఫిల్మ్ (డిజైన్ నల్లగా వేసిన పారదర్శక షీటు) మీద అట్టముక్క జరుపుతూ ఒకే స్క్రీన్ మీద ఐదు మెట్లు తీయాలి. డయాజో (సెన్సిటైజర్ అనే మందు కలుపుకుని వాడే ఎమల్షన్) అయితే మెట్టుకి 30 సెకన్లు, సెన్సిటైజర్ కలపకుండా వాడే ఫొటోపాలిమర్ అయితే 5 సెకన్లు. సన్నగీత తెరుచుకుని, అంచు జారని మెట్టే మీ టైము. లైటు దూరం మార్చినా, మెష్ మార్చినా మళ్లీ కొలవాలి.

నీటి రంగులు వాడేవాళ్లు నీటికి తట్టుకునే ఎమల్షనే అడిగి కొనండి. సాల్వెంట్ రంగులకోసం చేసింది పాతిక సంచులకే కరగడం మొదలెడుతుంది. కడిగి ఆరబెట్టిన స్క్రీన్‌ని పావుగంట ఎండలో పెడితే మరికాస్త గట్టిపడుతుంది. ఇంకొక మాట. పాత పద్ధతిలో ఎమల్షన్‌కి బైక్రోమేట్ కలిపే షాపులు ఇంకా ఉన్నాయి. చవకే, కానీ అది క్యాన్సర్ కారకం. వంటింటి సింకులో, వట్టి చేతులతో కడిగే పని కాదది. డయాజోకి మారండి.

ప్రశ్న: ఉగాదికి మా తెలుగు సంఘం టీషర్టుల మీద తెలుగు పద్యం వేయాలనుకున్నాం. నమూనాలో ఒత్తులన్నీ ముద్దయ్యాయి. ఇక్కడి ప్రింటర్‌కి తెలుగు రాదు, తప్పు ఎక్కడుందో ఆయనకి చెప్పలేకపోతున్నాం.
– డాలస్ నుంచి

జవాబు: ఇంగ్లిష్ అక్షరం ఒక వరుసలో నిలబడుతుంది. మనది పైన గుడి, కింద ఒత్తు, పక్కన క్రారవడి. 'రాష్ట్రం' అనే మాట వేసి చూస్తే మీ స్క్రీన్ సత్తా తెలిసిపోతుంది. 'ష' పొట్టలో చిన్నగీత మూసుకుపోతే 'భాష' కాస్తా 'భాప' అవుతుంది. 'ధ' కింద గీత పోతే 'ధనం' 'దనం' అవుతుంది.

సాధారణంగా టీషర్టులకి వాడే 43టి మెష్, అంటే సెంటీమీటరుకి 43 దారాలు, అంగుళానికి 110, అర మిల్లీమీటరుకన్నా సన్నటి గీతని నమ్మకంగా పట్టదు. పద్యానికి 77టి, అంటే అంగుళానికి 195 అడగండి. అందులో 0.3 మిల్లీమీటర్ల గీత నిలుస్తుంది. గీతకన్నా ఖాళీయే పెద్ద తలనొప్పి. రంగు గుడ్డలో కొంచెం పాకుతుంది కాబట్టి తలకట్టుకీ అక్షరానికీ, అక్షరానికీ ఒత్తుకీ మధ్య కనీసం అర మిల్లీమీటరు వదలాలి. సరిపోకపోతే అక్షరం సైజు పెంచండి. నాలుగు పాదాలూ పట్టకపోతే రెండే వేయండి, చదవలేని నాలుగుకన్నా అది మేలు.

ఫాంట్ విషయానికొస్తే, మరీ బొద్దుగా ఉన్నది సన్నటి పద్యానికి పనికిరాదు. రామభద్ర శీర్షికకి బాగుంటుంది, పద్యానికి మండలి లాంటిది తీసుకోండి. ఈ రెండూ స్వేచ్ఛా లైసెన్సువి కాబట్టి చొక్కాల మీద వేసి అమ్ముకున్నా ఇబ్బంది లేదు. ప్రింటర్‌కి ఫైలు పంపేముందు అక్షరాలన్నిటినీ ఔట్‌లైన్లుగా (ఫాంట్ అక్కర్లేని బొమ్మలుగా) మార్చండి. లేకపోతే ఆయన కంప్యూటర్లో ఒత్తులు విడిపోయి పక్కపక్కన కూచుంటాయి, ఆయనకి అది తప్పని కూడా తెలియదు. ఆఖరి ఫిల్మ్‌ని తెలుగు చదివే మనిషి చూడనిదే స్క్రీన్ తీయనివ్వకండి.

ప్రశ్న: నల్ల చొక్కా మీద తెలుపు బూడిదరంగులో వస్తోంది.
– నిజామాబాద్

జవాబు: ఒక్క లాగుడుతో తెల్లబడదు. ఖాదీ వైట్ పేస్టు (ముదురు గుడ్డని కప్పే తెల్లరంగు), 32టి నుంచి 43టి మెష్, కాస్త మెత్తటి స్క్వీజీ తీసుకోండి. ఒకసారి లాగి, చేతికి అంటనంత ఆరనిచ్చి, గుడ్డ కదలకుండా అక్కడే రెండోసారి. స్క్రీన్‌కీ గుడ్డకీ మధ్య 2 నుంచి 3 మిల్లీమీటర్ల ఎడం ఉండాలి. అది లేకపోతే మెష్ గుడ్డకి అతుక్కుని, లేచేటప్పుడు రంగుని వెనక్కి లాక్కుంటుంది. తెల్లగా వచ్చి, ఉతికాక బూడిదబారితే అది వేరే జబ్బు: నూలు పీచు రంగు పొరలోంచి పైకి లేస్తోంది. మొదటి పొర ఆరాక బటర్ పేపర్ పెట్టి ఒకసారి నొక్కితే పీచు అణుగుతుంది.

ప్రశ్న: మా క్రికెట్ జట్టుకి మెరూన్ జెర్సీల మీద తెల్ల నంబర్లు వేయించాం. రెండు రోజుల్లో గులాబీ రంగుకి తిరిగాయి.
– ఖమ్మం

జవాబు: అవి పాలిస్టర్ జెర్సీలు. పాలిస్టర్‌కి వేసే డిస్పర్స్ రంగు వేడికి ఆవిరై పైపొరలోకి ఎక్కుతుంది. మామూలు ప్లాస్టిసాల్‌కి (వేడికి గట్టిపడే ప్లాస్టిక్ రంగుకి) 160 డిగ్రీలు కావాలి, ఆ వేడే కొంప ముంచింది. తక్కువ వేడికి పండే, పాలిస్టర్ కోసం చేసిన లో-బ్లీడ్ రంగు, అంటే కింది రంగుని పైకి అంతగా ఎక్కనివ్వనిది, అడగండి. దాని కింద బూడిదరంగు బ్లాకర్ పొర వేయించాలి. ఎక్కిన గులాబీ ఇక దిగదు. ఈసారి ఒక జెర్సీ మీద వేసి రెండు రోజులు చూశాకే మిగతావి ఇవ్వండి.

ప్రశ్న: మా డ్వాక్రా సంఘానికి 14 బై 16 అంగుళాల సంచులు 60 ఆర్డరు వచ్చింది. గుడ్డ, రంగు ఎంత కొనాలి? కుట్టాక ప్రింట్ వేయాలా, ముందా?
– కరీంనగర్

జవాబు: ముందే వేయండి. కుట్టిన సంచిలో పక్క కుట్లు, పట్టీల మందం స్క్వీజీకి అడ్డొస్తాయి, రంగు మెట్లుమెట్లుగా పడుతుంది. పైగా పాడైన ముక్కని కుట్టుకూలి పోకముందే పక్కన పెట్టొచ్చు.

48 అంగుళాల పన్నా గుడ్డ అనుకుందాం. అడుగున మడత ఉంచి ఒకే ముక్కగా కోస్తే సంచికి 15 అంగుళాల వెడల్పు, 35 అంగుళాల పొడవు కావాలి: రెండు వైపులా 16 చొప్పున, పైన మడతకి ఒక్కోవైపు ఒకటిన్నర. పన్నాలో మూడు ముక్కలు పడతాయి, అంటే 20 వరుసలు, 700 అంగుళాలు. పట్టీలు ఒక్కోటి 26 బై 4, మొత్తం 120. పన్నాకి 12 చొప్పున 10 వరుసలు, 260 అంగుళాలు. రెండూ కలిపి 24.4 మీటర్లు. కోరా గుడ్డ ఉడకబెడితే 5, 6 శాతం కుంగుతుంది, కొన్ని రకాలు ఇంకా ఎక్కువే. 27 మీటర్లు తీసుకోండి. ఉడకబెట్టి, ఇస్త్రీ చేశాకే కత్తెర పట్టాలి.

రంగు ఏ4 సైజులో సగం నిండిన డిజైన్‌కి, రెండు లాగుళ్లకి, సంచికి 5 నుంచి 10 గ్రాములు పడుతుంది. అయితే స్క్రీన్ మీద ఎప్పుడూ గుప్పెడు రంగు ఉండనిదే లాగుడు సాఫీగా రాదు. కిలో కలుపుకుంటే 60కి సరిపోయి కొంచెం మిగులుతుంది. డిజైన్ కింది అంచుకీ సంచి అడుగు మడతకీ మధ్య 3 అంగుళాలు వదలండి. కూరగాయలు వేశాక అడుగుభాగం గుండ్రంగా తిరిగి డిజైన్ కిందకి పోతుంది.

ప్రశ్న: కలంకారీ డిజైన్‌ని స్క్రీన్ తీసి కుర్తీల మీద వేస్తున్నాం. కలంకారీ అని అమ్మవచ్చా?
– హైదరాబాద్

జవాబు: అమ్మకూడదు. శ్రీకాళహస్తి కలంకారీ కలంతో గీసేది, మచిలీపట్నం కలంకారీ, అంటే పెడన చుట్టుపక్కల చేసేది, చెక్క అచ్చులతో అద్దేది. రెంటికీ జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు ఉంది. ఆ పేరు తప్పుగా తగిలించడం 1999 జీఐ చట్టం ప్రకారం నేరం. కరక్కాయ, పాలలో ముంచి, బెల్లం, ఇనుముతో నలుపు కాచి, పటికతో ఎరుపు పట్టించే పనికీ, ఒక స్క్వీజీ లాగుడుకీ పోలికే లేదు. కొనేవాళ్లకి తేడా తెలియకపోవడం వల్లే అచ్చు పనివాళ్ల కూలి పడిపోతోంది. మా అభిప్రాయం ఇంకాస్త ముందుకి పోతుంది: ఆ నెమళ్లనీ లతలనీ వదిలి మీ సొంత డిజైన్ గీసుకోండి. అప్పటిదాకా లేబుల్ మీద 'స్క్రీన్ ప్రింట్, పిగ్మెంట్ రంగులు' అని రాయండి. గుర్తుపట్టాలంటే గుడ్డ తిరగేయండి. అచ్చుపనిలో రంగు వెనక్కి దిగుతుంది, అచ్చు అచ్చు కలిసేచోట వెంట్రుకవాసి తేడా ఉంటుంది. స్క్రీన్ పనిలో వెనక వెలవెలబోయి ఉంటుంది.

ప్రశ్న: పాత ఎమల్షన్ తీసి అదే మెష్‌ని ఎన్నిసార్లు వాడొచ్చు?
– రాజమండ్రి

జవాబు: చిరిగేదాకా, లేదా వదులయ్యేదాకా. వేలితో నొక్కితే గుంటపడి నెమ్మదిగా లేస్తే బిగువు పోయినట్టే, అలాంటిది రెండు రంగుల పనికి పనికిరాదు, రంగులు ఒకదానిమీదొకటి కూచోవు. ఎమల్షన్ తీయడానికి స్ట్రిప్పర్ రెండు వైపులా పూసి, ఒకటి రెండు నిమిషాల్లో గట్టి ధారతో కడిగేయండి. పూసి, భోజనానికి వెళ్లొద్దు. అది మెష్ మీద ఆరిందంటే ఎమల్షన్ బిగుసుకుపోయి, ఇక ఆ మెష్ కోసి పారేయడమే.