పొదిలిలో ఎందుకు దిగలేదు?

ప్రశ్న: నాకు 28 ఏళ్ళు. మాది కావలి దగ్గర పల్లె. హైదరాబాదులో యానిమేషన్ స్టూడియోలో పనిచేసేవాణ్ణి. పోయినేడు మా అన్నయ్య రొయ్యల గుంట దగ్గర ఏరేటరు (నీళ్ళలోకి గాలి ఎక్కించే మిషను) సరిచేస్తుంటే కరెంటు కొట్టి చనిపోయాడు. ఉద్యోగం మానేసి ఇంటికొచ్చేశాను. మేడ మీద గదిలో ఆరు నిమిషాల యానిమేషన్ సినిమా తీస్తున్నాను. సెకనుకు 12 బొమ్మల లెక్కన 4,320 బొమ్మలు. కథలో అన్న చనిపోడు. గుంట అడుగున ఒక ఊరుంటుంది, అక్కడికి వెళ్ళిపోతాడు. తమ్ముడు రోజూ నీళ్ళలోకి దిగి ఆ ఊళ్ళో అన్నతో గడిపి వస్తాడు. పైన ఊరంతా పలకల మీద బలపంతో గీసి ఫొటోలు తీస్తున్నాను. చెరిపిన గీత మచ్చ పలక మీద ఉండిపోయి, కదిలే బొమ్మ వెనక పొగలా కనిపిస్తుంది. అడుగున ఊరిని మాత్రం అమ్మ పాత చీరల ముక్కలు, ఇసుక, ఇంట్లో ఫొటోల నుంచి కత్తిరించిన బొమ్మలతో చేస్తున్నాను. పలకలు మార్కాపురం వెళ్ళి తెచ్చాను. కెమెరా, లైట్లు అన్నయ్య డిపాజిట్ డబ్బుతో కొన్నాను. దానికి నామినీ అమ్మే. అన్నిటికంటే అమ్మకు నచ్చింది రొట్టెల పండగ సీను. నెల్లూరు స్వర్ణాల చెరువులో అమ్మ సంతాన రొట్టె పట్టుకుంటుంది, అన్న పుడతాడు. నిజానికి ఆ రొట్టె పట్టుకుంది అన్నా వదినా, పాప కోసం. కథ కోసం మార్చాను.

రెండు సమస్యలు. చివర్లో తమ్ముడు పైకి రావాలా, అడుగునే ఉండిపోవాలా? ఉండిపోతే పలాయనవాదం అంటారని భయం. రెండోది, అన్నయ్య నవ్వు వదిన ఫోన్లో ఉన్న వీడియోల్లోనే ఉంది. ఆమె పెద్దకర్మ అయ్యాక పాపను తీసుకుని పుట్టింటికి, పొదిలికి వెళ్ళింది. అమ్మ ఆమె మొహం చూడలేకపోతోంది. నేను ఫోన్ చేస్తే వదిన ఎత్తదు, మెసేజ్ పెడితే చూసి ఊరుకుంటుంది. వచ్చే నెల సంవత్సరీకం. ఈలోపు సినిమా పూర్తి చేయాలి. వదినను ఒప్పించేదెలా?

జవాబు: మొదటి ప్రశ్నను నేను పట్టించుకోను. తమ్ముడు పైకొచ్చినా, అడుగునే ఉండిపోయినా కొంపలేం మునగవు. మీ సినిమా, మీ ఇష్టం. పలాయనం అంటారనే బెంగ కూడా పెట్టుకోకండి. పోయిన మనిషి ఎక్కడో ఉన్నాడనుకోవడం మనకు కొత్తా? కాకి వచ్చి పిండం ముట్టేదాకా ఇంటిల్లిపాదీ ఎండలో నిలబడి ఎదురుచూసే జాతి మనది. మీరు నీళ్ళ అడుగున ఊరు కట్టారు, అంతే తేడా. ఆ బలపం మచ్చల ఆలోచన నాకు నచ్చింది. దొండాకు పెట్టి ఎంత తోమినా పలక మీద నిన్నటి ఎక్కాలు మసగ్గా కనబడేవి. అది గుర్తున్న వాళ్ళెవరికీ మీ బొమ్మను విడమరచి చెప్పక్కర్లేదు.

ఇక వదిన సంగతి. మీ ఉత్తరంలో ఆవిడ రెండు పనులకే వచ్చింది. ఒకచోట ఫోను ఆవిడ దగ్గరుందని చెప్పడానికి. ఇంకోచోట, రొట్టెల పండగ సీనులోంచి తీసేశానని చెప్పడానికి.

ఆ సీను దగ్గరే నేను ఆగిపోయాను. బారా షహీద్ దర్గా పక్కన ఆ జనంలో, మోకాలి లోతు నీళ్ళలో నిలబడి, కొంగు తల మీదికి లాక్కుని, సంతాన రొట్టె ఎవరిదమ్మా అని అడుక్కుంటూ తిరిగే ఆడవాళ్ళను మీరూ చూసే ఉంటారు. ముక్కూమొహం తెలియని వాళ్ళ చేతిలోంచి ఆ రొట్టె అందుకుని కళ్ళకద్దుకునేటప్పుడు వాళ్ళ మొహాలు చూడాలి. ఏడాదంతా అత్తింట్లో, బంధువుల పెళ్ళిళ్ళలో విన్న మాటలన్నీ ఆ మొహంలో కనబడతాయి. కోరిక తీరితే మళ్ళీ అదే చెరువులో దిగి ఇంకొకరికి రొట్టె ఇచ్చి రావాల్సిందీ ఆ మనిషే. మీ ఇంట్లో ఆ రొట్టె పట్టుకున్నవి మీ వదిన చేతులు. మీ పలక మీద అవి అమ్మ చేతులయ్యాయి. పాప పుట్టాల్సిన చోట అన్న పుట్టాడు. కథ కోసం అంటున్నారు. 4,320 బొమ్మలు గీసే ఓపికున్న మనిషికి వదినను, పాపను గీయడానికి ఒక్క పలక మిగల్లేదా బాబూ?

పెద్దకర్మ అయ్యాక పుట్టింటివాళ్ళు నిద్రకు తీసుకెళ్ళడం మామూలే. నిద్రకు వెళ్ళిన మనిషిని వెనక్కి పిలుచుకు రావాల్సింది అత్తింటివాళ్ళు. మీలో ఎవరైనా వెళ్ళారా? వెళ్ళి ఉంటే రాసేవారే. మీ అమ్మగారి కడుపుకోత నాకు తెలియక కాదు. కోడలి మొహం చూస్తే కొడుకు గుర్తొస్తాడు, నిజమే. కానీ ‘ఆ పిల్ల అడుగు పెట్టిన వేళ’ అనే మాట కూడా మీ ఇంట్లో ఎవరో ఒకరు అనే ఉంటారు. మగబిడ్డ పోయిన ఇంట్లో ఆ మాట వినపడకపోవడం నేనింతవరకు చూడలేదు. అది అన్నప్పుడు మీరు కిందున్నారా, మేడ మీదున్నారా?

మార్కాపురం వెళ్ళి పలకలు తెచ్చానని రాశారు. కావలి నుంచి కందుకూరు మీదుగా వెళ్ళినా, ఒంగోలు చేరి చీమకుర్తి మీదుగా వెళ్ళినా పొదిలి దాటాల్సిందే. అక్కడ బస్సు ఆగుతుంది, టీ తాగే టైము కూడా ఇస్తారు. వచ్చేటప్పుడంటే పలకల బరువుందనుకుందాం. వెళ్ళేటప్పుడు చేతులు ఖాళీయే కదా? మీ అన్న కూతురున్న ఊరు అది. నాలుగు అరటిపళ్ళు కొనుక్కుని ఆ గుమ్మం ఎక్కడానికి ఏం అడ్డొచ్చింది?

మెసేజ్ చూసి ఊరుకుంటోందని నొచ్చుకున్నారు. అన్ని మెసేజుల్లోనూ వీడియో సంగతే కదా అడిగింది? పాప బడికి పోతోందా, రాత్రిళ్ళు నిద్రపోతోందా, నాన్న ఏడని అడిగితే ఏం చెబుతున్నారు, ఇవి ఎప్పుడైనా అడిగారా? ఆ వీడియోలు తీసింది ఆవిడ. అంటే మీ అన్న నవ్వింది ఫోను పట్టుకున్న ఆవిణ్ణి చూసి. దాన్ని సినిమాకు సౌండుగా పంపించమంటే ఏ ఆడది పంపిస్తుంది? నేనైతే మీ నంబరు బ్లాక్ చేసి ఉండేదాన్ని. ఆవిడ ఇంకా చూస్తోందంటే మీ మీద ఏదో మూల ఆశ ఉన్నట్టే.

డబ్బు మాట మీరు మామూలుగా రాసి వదిలేశారు గానీ నేను వదలను. నామినీ అంటే బ్యాంకు ఆ డబ్బు ఎవరి చేతికివ్వాలో చెప్పే పేరు మాత్రమే, సొంతదారు కాదు. వీలునామా లేకుండా పోయిన మగవాడి స్వార్జితం 1956 హిందూ వారసత్వ చట్టం ప్రకారం తల్లికి, భార్యకు, పిల్లలకు సమానంగా వెళ్తుంది. మీ ఇంట్లో అయితే అమ్మకు, వదినకు, పాపకు తలా ఒక వాటా. మీ నాయనకే అందులో లేదు, మీకు ఎక్కడిది? మూడింట రెండు వంతులు పొదిలిలో ఉన్నవాళ్ళవి. మీ కెమెరా, లైట్లు ఎవరి సొమ్ముతో వెలుగుతున్నాయో లెక్క వేసుకోండి. గుంటల లెక్క కూడా తేల్చండి. ఆఖరిసారి రొయ్యలు పట్టిన డబ్బు ఎవరు తీసుకున్నారు? మేత డీలరుకు ఎంత బాకీ? ఆ కాగితాల మీద వదిన సంతకాలున్నాయా? ఉంటే ఆ డీలరు ఫోను చేసేది మీకు కాదు, ఆవిడకు. మీ నంబరు చూసినా ఎత్తబుద్ధి కాకపోవడానికి అదీ ఒక కారణం కావచ్చు.

‘అమ్మను కాదని వెళ్ళమంటారా’ అని మీకు అనిపిస్తుంది. అనే అంటున్నాను. మీరు కొడుకే కాదు, బాబాయి కూడా. తండ్రి పోయిన ఆడపిల్లకు బాబాయి బతికుండీ లేనట్టుంటే, రేపు స్కూలు ఫారం దగ్గర నుంచి పెళ్ళి పీటల దాకా ప్రతిచోటా ఆ ఖాళీ కనబడుతుంది. ఈ విషయంలో నేను మొండిదాన్నే, అవార్డులొచ్చే సినిమా అయినా సరే దీని తర్వాతే. వదిన మీ ఇంటికి తిరిగి రావాలని నేననడం లేదు. ఉద్యోగం చేసుకుంటుందో, పుట్టింట్లోనే ఉంటుందో, మళ్ళీ పెళ్ళి చేసుకుంటుందో, అది ఆవిడ నిర్ణయం. రమ్మని అడిగే బాధ్యత మాత్రం మీది. పిలుపు లేక రాకపోవడం వేరు, పిలిస్తే రాననడం వేరు.

మీ ఆరోగ్యం గురించి ఒక్క మాట. ఏడాది కావస్తున్నా నిద్ర, తిండి సరిగా లేకపోతే, బతకాలని అనిపించకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416కు ఫోన్ చేయండి. తెలుగులో మాట్లాడతారు, డబ్బు అడగరు. సినిమా తీయడాన్ని మాత్రం నేను జబ్బు అనను.

సంవత్సరీకం దాకా ఆగకండి, ఈ వారమే వెళ్ళండి. సంవత్సరీకానికి ఫోన్లో చెప్పడం పిలుపు కాదు. మొదటిసారి అమ్మను తీసుకెళ్ళవద్దు, మాటా మాటా పెరుగుతుంది. మీ నాయనను తీసుకెళ్ళండి. ఆయన గురించి ఉత్తరంలో ఒక్క ముక్క లేదు గానీ మనవరాలిని చూడాలని ఆయనకు ఉండదా? వదిన వాళ్ళ నాన్న నాలుగు మాటలంటాడు, పడండి. వీడియో ఊసు, సినిమా ఊసు ఎత్తకండి. ల్యాప్‌టాప్ ఇంట్లోనే పెట్టి వెళ్ళండి. ఎప్పుడో ఆవిడే ‘ఏం గీస్తున్నావు’ అని అడిగితే రొట్టె సీను చూపించండి, ఆవిడ ఏమంటుందో వినండి. వీడియో ఇస్తే సరే. ఇవ్వకపోతే మీ సినిమాలో నవ్వు ఉండదు, అలాగే పూర్తి చేయండి.

డిపాజిట్ తీసిన బ్యాంకు కాగితాలు, గుంటల లెక్కల పుస్తకం వెంట తీసుకెళ్ళండి. జిరాక్సులు కాదు, అసలువే. అవి ఆవిడ చేతికిచ్చి, కెమెరాకు ఎంతయిందో ఆ అంకె కూడా మీ నోటితోనే చెప్పండి.