నెదర్లాండ్స్‌లో ఎన్నికలయ్యాక ప్రభుత్వం ఏర్పడటానికి అన్ని నెలలు ఎందుకు పడుతుంది? అక్కడ ఉండేవాళ్లకు ఇబ్బంది కాదా?

ఆమ్‌స్టర్‌డామ్ పక్కనున్న ఆమ్‌స్టెల్‌వీన్‌లో ఉంటున్నాను. పాస్‌పోర్టు ఇంకా ఇండియాదే కాబట్టి ఇక్కడి పార్లమెంటు ఎన్నికల్లో నాకు ఓటు లేదు. అయినా ఎన్నికల రోజు కంటే ఆ తర్వాత వచ్చే నెలలే నాకు ఎక్కువ టెన్షన్. మా బతుకులు మారేది ఆ నెలల్లోనే.

ఆలస్యం సంగతి ముందు చెప్పేస్తాను. నా దృష్టిలో అది సమస్యే కాదు. దిగువ సభలో 150 సీట్లు. పోలైన ఓట్లలో నూటయాభయ్యో వంతు తెచ్చుకుంటే చాలు, పార్టీకి ఒక సీటు వస్తుంది. 2021లో 17 పార్టీలు సభలో అడుగుపెట్టాయి. అన్నిటికంటే పెద్దదైన, అప్పటి ప్రధాని మార్క్ రుట్టే పార్టీ వీవీడీకి వచ్చినవి 34. మెజారిటీకి 76 కావాలి. అంటే మూడు నాలుగు పార్టీలు కలవక తప్పదు. పైగా ఇక్కడ ముందు కుర్చీలు పంచుకుని విధానాల సంగతి తర్వాత చూసుకోవడం ఉండదు. నాలుగేళ్లలో ఏం చేస్తారో ముందు కాగితం మీద పెడతారు, మంత్రి పదవులు చివర్న. 2012లో రెండే పార్టీలు కాబట్టి 54 రోజుల్లో తేలింది. 2017లో నాలుగు పార్టీలకు 225 రోజులు, 2021 ఎన్నికల తర్వాత మళ్లీ అవే నాలుగు పార్టీలకు 299 రోజులు. రికార్డు అదే.

2024 జూన్ 4న మన దగ్గర ఫలితాలొచ్చి 9న ప్రమాణ స్వీకారం కూడా అయిపోతే, ఇక్కడ 2023 నవంబరు 22న ఓట్లేసినవాళ్లు అప్పటికింకా ఎదురుచూస్తూనే ఉన్నారు. డిక్ స్కూఫ్ ప్రధానిగా ప్రమాణం చేసింది జులై 2న. "మరి ఇన్నాళ్లూ దేశాన్ని ఎవరు నడుపుతున్నారమ్మా?" అని మా నాన్న ఫోన్‌లో అడిగారు. పాతవాళ్లే నడుపుతారు. రుట్టే మూడో ప్రభుత్వం 2021 జనవరి 15న రాజీనామా చేసింది. ఆ తర్వాత వారం రోజులకే, అదే ఆపద్ధర్మ ప్రభుత్వం కరోనా కర్ఫ్యూ పెట్టింది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఈ దేశంలో అదే మొదటి కర్ఫ్యూ. జీతాలు ఆగలేదు, రైళ్లు ఆగలేదు. మన యూట్యూబ్ ఛానళ్లు "తొమ్మిది నెలలుగా ప్రభుత్వమే లేని దేశం" అని థంబ్‌నెయిల్ పెడుతుంటే నాకు ఒళ్లు మండుతుంది. ఒక్కరైనా ఆ తొమ్మిది నెలలూ చర్చల గదిలో ఏం మాట్లాడుకున్నారో చెప్పరు.

నన్నడిగితే ఆ గది తలుపులు మూసి ఉండటమే అసలు సమస్య. అది నాకు తెలిసొచ్చింది 2021 మార్చి 25న.

ఎన్నికలై వారం దాటింది. ఎవరు ఎవరితో కలవగలరో ఆరా తీయడానికి ఇద్దరిని పెట్టారు. వాళ్లలో ఒకరు అప్పటి హోం మంత్రి కాయ్సా ఓలోంగ్రెన్. ఆ రోజు పార్లమెంటు ఉండే హేగ్‌లో చర్చలు జరుగుతుండగానే ఆమెకు కరోనా పాజిటివ్ అని తెలిసింది. కాగితాలు చంకన పెట్టుకుని హడావిడిగా బయటికి వచ్చేసింది. రాసి ఉన్న వైపు బయటికే ఉంది. ఒక ఫోటోగ్రాఫర్ క్లిక్‌మనిపించాడు. నేను ఇంట్లోంచి పనిచేస్తున్నాను. టీమ్స్‌లో మీటింగ్ నడుస్తుండగా చాట్‌లో ఎవరో ఆ ఫోటో పడేశారు. మీటింగ్ అక్కడే ఆగిపోయింది. ఫోటో పెద్దది చేసి చూస్తే ఒక లైను చక్కగా చదవొచ్చు: ఓమ్‌ట్సిగ్ట్ స్థానం, పదవి వేరేచోట.

మా టీమ్‌లో రిటైర్‌మెంటుకు దగ్గరపడ్డ డచ్ పెద్దాయన ఒకరు ఉండేవారు. ఎప్పుడూ గొంతు పెంచని మనిషి. ఆయన మైక్ ఆన్ చేసి, "ఈ మనిషిని సభలోంచి తప్పించాలని చూస్తున్నారు" అన్నారు. ఆ తర్వాత కాసేపు ఎవరూ మాట్లాడలేదు.

పీటర్ ఓమ్‌ట్సిగ్ట్ ఎవరో నాకు బాగా తెలుసు, ఎందుకంటే అప్పటికి మా పాప క్రెష్‌కి వెళ్తోంది. ఇక్కడ క్రెష్ ఫీజు దాదాపు ఇంటద్దెతో పోటీపడుతుంది. అందులో కొంత ప్రభుత్వం తిరిగిస్తుంది. ఆ డబ్బు తీసుకున్న వేలాది తల్లిదండ్రుల మీద పన్నుల శాఖ ఏళ్ల తరబడి మోసగాళ్లని ముద్ర వేసింది. ఒక సంతకం తక్కువైనా మొత్తం కట్టమంది. పదుల వేల యూరోలు కట్టలేక ఇళ్లు పోగొట్టుకున్నవాళ్లున్నారు, కాపురాలు విడిపోయినవాళ్లున్నారు. బాధితుల్లో చాలామంది బయటి దేశాల మూలాలున్నవాళ్లే. రెండు పౌరసత్వాలు ఉండటాన్ని కూడా అనుమానించడానికి కారణంగా వాడారు. అధికార కూటమిలోని పార్టీలో ఉండి కూడా ఏళ్లపాటు ప్రశ్న మీద ప్రశ్న వేసి దాన్ని బయటికి లాగినవాడు ఓమ్‌ట్సిగ్ట్. ఆయనతో పాటు సోషలిస్టు పార్టీ సభ్యురాలు రెన్‌స్కె లైటెన్. ఆ వ్యవహారం మీదే జనవరిలో ప్రభుత్వం దిగిపోయింది. అప్పట్లో మా ఇంట్లో క్రెష్ కాంట్రాక్టు, ఏడాది చివర ఇచ్చే లెక్క కాగితం, బ్యాంకు స్టేట్‌మెంట్లు అన్నీ ఒక నీలం ఫైల్లో వరుసగా పెట్టి ఉంచేదాన్ని. పేరు చూసి అనుమానించే రోజుల్లో ఆ ఫైలే మాకు ధైర్యం.

అలాంటి మనిషికి మార్చి ఎన్నికల్లో 3.4 లక్షలకు పైగా ఓట్లు ఆయన పేరు మీదే పడ్డాయి. జనం అలా తీర్పిచ్చిన వారంలోనే, గదిలో మాట ఆయన్ని ఎక్కడికి పంపాలన్న దాకా వెళ్లింది! ఆయన పేరు తాను ఎత్తలేదని రుట్టే చెప్పారు. ఏప్రిల్ 1న ఆ చర్చల నోట్స్ బయటపెట్టించారు. ఎత్తారని తేలింది. తనకు సరిగా గుర్తులేదని రుట్టే సభలో చెప్పుకున్నారు. ఆ రాత్రి చర్చ అర్ధరాత్రి దాటింది. పాపని పడుకోబెట్టి నేను లైవ్ చూస్తూనే ఉన్నాను. అవిశ్వాసం నుంచి గట్టెక్కారు. కానీ ఆయన్ని తప్పుపడుతూ పెట్టిన తీర్మానానికి సొంత పార్టీ తప్ప మిగతా సభంతా ఓటేసింది. అయినా మరుసటి ఏడాది జనవరిలో నాలుగోసారి ప్రధాని అయ్యింది ఆయనే. ఆ 299 రోజుల్లో చాలా భాగం ఒకరినొకరు నమ్మలేకపోవడానికే ఖర్చయ్యాయని నా గట్టి నమ్మకం. విధానాల్లో తేడాలంటారా, 2017లోనూ అవే నాలుగు పార్టీలు కదా!

అందుకే అంటాను, ఎన్ని నెలలు పట్టినా పట్టనీ, ప్రతి వారం చర్చల నోట్స్ జనం ముందు పెట్టాల్సిందే. ఫోటోగ్రాఫర్ అదృష్టం మీద ఆధారపడితే ఎలా?

ఇక మనవాళ్ల గురించి ఒక మాట చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. ఇక్కడి తెలుగువాళ్లలో చాలామంది "ఓటు లేదుగా, మనకెందుకు" అంటారు. బయటి నుంచి తెచ్చుకున్న నిపుణులకు జీతంలో 30 శాతం దాకా పన్ను లేకుండా ఇచ్చే సౌకర్యం ఉంది కదా, అది 8 ఏళ్ల నుంచి 5 ఏళ్లకు తగ్గింది 2017 అక్టోబరులో నాలుగు పార్టీలు రాసుకున్న ఒప్పందంలోని మాట ప్రకారమే. 2019 నుంచి అమలైంది. ఆ డబ్బు చూసుకుని ఇంటి లోన్ తీసుకున్నవాళ్లు మా వీధిలోనే ఉన్నారు. 2024 మేలో, వలసల్ని వ్యతిరేకించే ఖేర్ట్ విల్డర్స్ పార్టీతో కలిసి మరో మూడు పార్టీలు రాసుకున్న ఒప్పందంలో, పౌరసత్వానికి ఆగాల్సిన కాలాన్ని 5 ఏళ్ల నుంచి 10 ఏళ్లకు పెంచుతామన్నారు. అది చట్టం కాకముందే, 2025 జూన్ 3న విల్డర్స్ పార్టీ బయటికి వెళ్లిపోయి ప్రభుత్వమే కూలింది. ఆ ఏడాది పొడుగునా మా వాట్సాప్ గ్రూపుల్లో వచ్చిన మెసేజ్‌లన్నీ ఇండియా రాజకీయాలే.

కాబట్టి ఇబ్బంది ఉందా అని అడిగితే, ఉంది. ప్రధాని లేకపోవడం వల్ల కాదు, ఒప్పందం రాసేటప్పుడు మన గురించి అడిగేవాళ్లు లేకపోవడం వల్ల. చట్టబద్ధంగా 5 ఏళ్లు ఇక్కడ ఉన్నవాళ్లకు, పాస్‌పోర్టు ఏదైనా, మున్సిపల్ ఎన్నికల్లో ఓటుంది. ఓటు కార్డు అడక్కుండానే పోస్టులో ఇంటికి వస్తుంది. ముందు దాన్ని వాడండి. కౌన్సిల్‌కి నిలబడ్డ అభ్యర్థులు ఇంటి దగ్గరికి, మార్కెట్ దగ్గరికి వస్తారు. హేగ్‌లో కూర్చునే నాయకులు వాళ్ల పార్టీలవాళ్లే. పౌరసత్వం గురించి, క్రెష్ డబ్బు గురించి మీ పార్టీ ఏం రాయించబోతోందని అక్కడే నిలదీయండి. నేను అడిగాను, ఒకావిడ నోట్‌బుక్ తీసి రాసుకుంది కూడా.