ఇంట్లోనే నడిచే అంగన్‌వాడీకి తనిఖీ వస్తోంది, ఏం సిద్ధం చేసుకోవాలి?

చెల్లీ, మీరు ఆదోని వైపు ఒక పల్లెలో కొత్తగా టీచర్‌గా చేరారనీ, ఊళ్లో సొంత భవనం లేక మీ ఇంటి ముందు గదిలోనే సెంటర్ నడుపుతున్నారనీ, వచ్చే వారం సీడీపీవో (మన అంగన్‌వాడీలను చూసే శిశు అభివృద్ధి ప్రాజెక్టు అధికారి) మేడం తనిఖీకి వస్తారని తెలిసినప్పటి నుంచి టెన్షన్‌గా ఉందనీ రాశారు. గోడలకు రంగు కాగితాలు అంటించాలా, పిల్లలకు పాటలు బట్టీ పట్టించాలా, పాత రిజిస్టర్లు తిరగరాయాలా అని అడిగారు. నేనూ అనంతపురం జిల్లాలో, కళ్యాణదుర్గం వైపు, చాలా ఏళ్లు ఇంట్లోనే సెంటర్ నడిపాను. మాకు సొంత భవనం ఈమధ్యే వచ్చింది. అందుకని ఇంట్లో నడిచే సెంటర్లకు ప్రత్యేకంగా వచ్చే తంటాలే ఎక్కువ చెబుతాను.

ముందు రిజిస్టర్ల సంగతి. తిరగరాయకండి. నెల మొత్తం ఒకే పెన్నుతో, ఒకే తీరున, ఒక్క కొట్టివేత లేకుండా ఉన్న రిజిస్టర్ చూడగానే వాళ్లకు అనుమానం వస్తుంది. ఎక్కడైనా రాయకుండా వదిలేసి ఉంటే అలాగే ఉంచి, పక్కన కారణం ఒక వాక్యంలో రాసి, ఇవాళ్టి తేదీతో సంతకం పెట్టండి. రాయలేదన్నందుకు మాట పడతామేమో గానీ, దొంగలెక్క రాశారన్న పేరు వస్తే ఉద్యోగానికే ఎసరు.

నా అనుభవంలో తనిఖీకి వచ్చేవాళ్లు ఒక్కటే చూస్తారు. ఎదురుగా ఉన్న బిడ్డ, మీరు రాసిన లెక్క, మూలన ఉన్న సరుకు, ఈ మూడూ ఒకే మాట చెబుతున్నాయా అని. 2021 మార్చిలో అంగన్‌వాడీ లెక్కలు ఎక్కించే ఫోన్ యాప్ పోషణ్ ట్రాకర్ మొదలైనప్పటి నుంచి మేడం మీ గడప తొక్కకముందే మీ సెంటర్ అంకెలు ఫోన్‌లో చూసుకుని వస్తున్నారు. కాబట్టి రిజిస్టర్‌లో ఒకటి, యాప్‌లో ఒకటి ఉంటే మొదటి ప్రశ్న దాని మీదే. ఈ వారంలో ఒక సాయంత్రం కూర్చుని రెండూ పక్కపక్కన పెట్టుకోండి. పేర్లు, పుట్టిన తేదీలు, ఎంతమంది గర్భిణులు, ఎంతమంది బాలింతలు, ఆరు నెలల నుంచి మూడేళ్ల లోపు ఎందరు, మూడు నుంచి ఆరేళ్ల వాళ్లు ఎందరు, అన్నీ సరిచూసుకోండి. పుట్టిన తేదీ తప్పుంటే వయసుకు తగ్గ బరువు లెక్క కూడా తప్పుతుంది.

ఇంట్లో నడిచే సెంటర్లకు అసలు పరీక్ష సరుకు దగ్గరే. మీ ఇంటి బియ్యం మూట, సెంటర్ బియ్యం మూట ఒకే గదిలో పక్కపక్కన ఉంటే, మీరు గింజ ముట్టకపోయినా చూసినవాళ్లకు అనుమానమే. మీ వంటింటి నూనె, సెంటర్ నూనె ఒకే అలమరలో ఉన్నా అంతే. సెంటర్ సరుకంతా ఒక పెట్టెలోనో, విడి అలమరలోనో పెట్టి తాళం వేయండి. తాళం చెవి మీ దగ్గర, ఆయా దగ్గర తప్ప ఇంట్లో ఎవరి దగ్గరా ఉండకూడదు. మీ అత్తమ్మ గారికి ఇది నచ్చకపోవచ్చు, మా ఇంట్లోనూ చిన్న గొడవే అయింది. అయినా ఈ ఒక్క విషయంలో మొహమాటపడకండి. సెంటర్ గిన్నెలు, గ్లాసులకు అడుగున పెయింట్‌తో చిన్న గుర్తు పెట్టుకుంటే ఇంటి సామానులో కలవవు. గ్యాస్ సిలిండర్ కూడా వేరైతే మంచిది. వేరు కాకపోతే అడగకముందే మేడంకు చెప్పేయండి.

సరుకు దించుకునేటప్పుడే తూచుకోవడం అలవాటు చేసుకోండి. మూట మీద రాసిన బరువుకీ, నిజంగా వచ్చిన బరువుకీ తేడా ఉన్న సందర్భాలు నేను చూశాను. తెచ్చినవాళ్లు తొందరపెడతారు, ఇంకా పది ఊళ్లు తిరగాలంటారు. తిరగనీయండి. కొక్కెం త్రాసుతో తూచి, తక్కువుంటే వాళ్ల కాగితం మీదే ఎంత తక్కువో రాసి, ఆ తర్వాతే సంతకం పెట్టండి. ఫోటో తీసి అప్పుడే సూపర్‌వైజర్‌కు పంపండి. పూర్తిగా ముట్టినట్టు సంతకం పెట్టేశాక, తక్కువ వచ్చిందని తనిఖీ రోజు చెబితే ఎవరూ నమ్మరు.

లెక్క ఎలా చూస్తారంటే, నిన్నటి నిల్వకు కొత్తగా వచ్చింది కలిపి, వాడింది తీసేసి, మిగిలింది కళ్లతో చూస్తారు. వాడింది ఎంత అన్నది హాజరును బట్టే. బిడ్డకు 75 గ్రాముల బియ్యం లెక్కన 18 మంది తింటే కిలో 350 గ్రాములు. మీ ప్రాజెక్టులో చెప్పిన కొలతేదో దాన్నే వేసుకోండి. నిన్న 18 మంది వచ్చారని హాజరులో రాసి, స్టాక్‌లో 25 మందికి వండినట్టు రాస్తే దొరికిపోతారు. అన్నింటికంటే త్వరగా బయటపడేవి గుడ్లు. బియ్యం కొద్దిగా అటూ ఇటూ అయితే సర్దుకుపోతారు, గుడ్లు మాత్రం ఒక్కొక్కటే లెక్కపెట్టేస్తారు. పగిలినవి, చెడిపోయినవి ఏ రోజువి ఆ రోజే రాసి, అంగన్‌వాడీ కమిటీ సభ్యురాలితోనో, ఒక తల్లితోనో సంతకం పెట్టించండి. మన ఎండలకు గుడ్డు ఎక్కువ రోజులు ఆగదు. అనుమానం వస్తే నీళ్లలో వేయండి. అడుగున పడుకుంటే తాజాది, నిలువుగా నిలబడితే పాతది, పైకి తేలితే పారేయాల్సిందే. పాల ప్యాకెట్లు, బాలామృతం (చిన్నపిల్లలకు ఇచ్చే పిండి) మీద తేదీలు చూసి, ముందు గడువు ముగిసేవి ముందు వరసలో పెట్టండి. గడువు దాటిన ప్యాకెట్ ఒక్కటి కనిపించినా మిగతా పనంతా మరుగున పడిపోతుంది.

ఇక బరువులు. నన్నడిగితే తనిఖీలో అతి ముఖ్యమైనది ఇదే, మనలో చాలామంది అతి తేలిగ్గా తీసుకునేదీ ఇదే. కొందరు పోయిన నెల అంకెకు వంద గ్రాములు కలిపి ఎక్కించేస్తారు. మేడం ఒక బిడ్డను పిలిచి అక్కడికక్కడ తూచమన్నారంటే ఆ కాకిలెక్కలన్నీ బయటపడతాయి. ఈ వారంలోనే అందరినీ మళ్లీ తూయండి. త్రాసు చదునైన బండ మీద పెట్టి, సున్నా చూపిస్తోందో లేదో చూసి, చెప్పులు, బరువైన బట్టలు, మొలతాడుకు కట్టిన తాయెత్తుల గుత్తి తీయించి తూయండి. రెండేళ్ల లోపు బిడ్డను పడుకోబెట్టి పొడవు కొలవాలి, రెండేళ్లు దాటితే నిలబెట్టి ఎత్తు చూడాలి. ఒకే బిడ్డను పడుకోబెట్టి కొలిస్తే నిలబెట్టి కొలిచినదానికంటే దాదాపు 0.7 సెంటీమీటర్లు ఎక్కువ వస్తుంది. అందుకే పద్ధతి మార్చి కొలిస్తే బిడ్డ ఒక్క నెలలో పొట్టిగా అయిపోయినట్టు యాప్‌లో కనిపిస్తుంది. పిల్లలు పొట్టిగా అవరు కదా. ఆ గీత చూడగానే మేడంకు తెలిసిపోతుంది.

ఎత్తు తప్పైతే ఇంకో చిక్కుంది. ఎత్తుకు తగ్గ బరువు ఉందా లేదా అన్నదాన్ని బట్టే బిడ్డను శ్యామ్ (తీవ్రంగా చిక్కిపోయినవారు), మ్యామ్ (ఓ మోస్తరుగా చిక్కిపోయినవారు) అని విడదీస్తారు. ఎత్తు ఎక్కువ రాస్తే ఆరోగ్యంగా ఉన్న బిడ్డ కూడా అందులో పడుతుంది. తక్కువ రాస్తే నిజంగా చిక్కిపోయిన బిడ్డ తప్పించుకుంటుంది. ఈ రెండోదే నాకు భయం. జబ్బకొలత టేపు కూడా దగ్గర పెట్టుకోండి. ఆరు నెలల నుంచి అయిదేళ్ల పిల్లలకు ఎడమ చేతికి చుట్టి చూడాలి. 11.5 సెంటీమీటర్ల కంటే తక్కువైతే ఎరుపు, 12.5 వరకు పసుపు, ఆపైన పచ్చ. ఎరుపులో ఉన్న బిడ్డ మీ సెంటర్‌లో ఉంటే దాచకండి. ఏఎన్‌ఎంకు (ఊరి ఆరోగ్య కార్యకర్తకు) ఎప్పుడు చెప్పారు, ఆకలి ఎలా ఉంది, కాళ్లు వాచాయా, ఆసుపత్రికి పంపారా, తల్లి వెళ్లనంటే ఎందుకు వెళ్లనంది, ఇవన్నీ తేదీలతో రాసి ఉంచండి. ఆ బిడ్డ ఉండటం మీ తప్పు కాదు, పట్టించుకోకపోతే తప్పు. అలాంటి బిడ్డ ఒక్కరూ లేరని రాసిన సెంటర్ మీదే అనుభవం ఉన్న అధికారులకు ఎక్కువ అనుమానం.

మీ వైపు వలసల సంగతి నాకు తెలుసు. కోసిగి, పెద్దకడుబూరు, మంత్రాలయం చుట్టుపక్కల నుంచి పత్తికీ, మిరప కోతలకీ కుటుంబాలకు కుటుంబాలే గుంటూరు వైపు వెళ్లిపోతాయి, చంటిపిల్లల్నీ వెంట తీసుకుపోతారు. సెంటర్‌లో పేర్లు నిండుగా ఉంటాయి, చాపల మీద సగం మంది ఉండరు. అలాంటప్పుడు పక్క బడి నుంచి పిల్లల్ని తెచ్చి కూర్చోబెట్టమని సలహా ఇచ్చేవాళ్లు ఉంటారు. అస్సలు వినకండి. ఏ ఇంటివాళ్లు ఎప్పుడు వెళ్లారు, ఏ ఊరికి వెళ్లారు, ఫోన్ నంబర్ ఏది, ఒక కాగితం మీద రాసి గోడకు కాకుండా ఫైల్లో పెట్టుకోండి. వెళ్లిన చోట ఆ బిడ్డకు సరుకు అందాలంటే యాప్‌లో ఒక సెంటర్ నుంచి ఇంకో సెంటర్‌కు మార్చే వీలుంది, అది ఎలాగో సూపర్‌వైజర్‌ను అడిగి ఇప్పుడే చేయించండి. ‘పేర్లలో సగం మంది వలస వెళ్లారు మేడం, ఇదిగో జాబితా’ అని మీరే ముందు చెబితే ఆ ప్రశ్న అక్కడితో ముగుస్తుంది.

పాటల గురించి అడిగారు కదా. కొత్తగా ఏమీ బట్టీ పట్టించకండి. మేడంలు పాట వింటారు, నవ్వుతారు, తర్వాత ఒక బిడ్డను దగ్గరకు పిలిచి ‘నిన్న గుడ్డు పెట్టారా? పాలు తాగావా?’ అని అడుగుతారు. పిల్లలు ఉన్నదున్నట్టు చెబుతారు. ఆ జవాబు ముందు మీ రిజిస్టర్ నిలవాలి. రోజూ చేసే ఆటలే ఆడించండి. రంగులు, చింతగింజలతో లెక్కలు, కథ, ఏది చేస్తుంటే అదే. గోడ మీద టైమ్ టేబుల్, మెనూ, పిల్లల సహాయానికి ఫోన్ చేసే 1098 నంబర్ కనబడేలా ఉంటే చాలు. రంగు కాగితాలకు మీ జీతం డబ్బులు పోయకండి.

కొందరు అధికారులు పోషకాల లెక్క అడుగుతారు. 2013 ఆహార భద్రత చట్టంలో మొదట మూడు నుంచి ఆరేళ్ల బిడ్డకు రోజుకు 500 కేలరీలు, 12 నుంచి 15 గ్రాముల మాంసకృత్తులు అందాలని ఉండేది. పోషకాహార లోపం ఉన్న బిడ్డకైతే 800 కేలరీలు, 20 నుంచి 25 గ్రాములు. 2023లో ఆ కొలతలు మార్చారు, ఇప్పటివి సూపర్‌వైజర్‌ను అడిగి తెలుసుకోండి. గుడ్డులో ఆరు గ్రాములు, 200 మిల్లీలీటర్ల పాలలో ఇంకో ఆరు గ్రాములు ఉంటాయి. అందుకే మెనూలో ఆ రెండూ మానకూడదంటారు. ఇలా కారణంతో చెబితే వాళ్లకూ నచ్చుతుంది.

ఇల్లు శుభ్రం సంగతి మీకు చెప్పక్కర్లేదు, ప్రమాదాల సంగతే చెబుతాను. వాకిట్లో సంపు ఉంటే దాని మూత బిడ్డ ఎత్తలేనంత బరువుగా ఉందా చూడండి. మీ ఆయన పత్తికి కొట్టే పురుగుల మందు డబ్బాలు ఇంట్లో ఎక్కడ ఉన్నా, పరుపు కింద ఉన్నా, అటక మీద ఉన్నా, తనిఖీ కోసమే కాదు, శాశ్వతంగా పొలం దగ్గరికి మార్పించండి. మోటారు వైరు, ఇస్త్రీపెట్టె, ఫినాయిల్ పిల్లలకు అందకూడదు. గోడ వారగా కట్టెలు, రాళ్లు పేర్చి ఉంటే తేళ్లు చేరతాయి, తీయించేయండి. పెరట్లో గేదె ఉంటే సెంటర్ వేళల్లో ఇంకో వైపు కట్టేయమనండి. మా వైపు ఫ్లోరైడ్ నీళ్లతో ఇబ్బంది ఎక్కువ కాబట్టి తాగే నీళ్లు ఎక్కడివని తప్పకుండా అడిగేవారు. మీరూ జవాబు సిద్ధంగా పెట్టుకోండి.

టీకాల విషయంలో తల్లీబిడ్డల కార్డులు తల్లుల దగ్గరే ఉంటాయి కదా, వచ్చేటప్పుడు తెమ్మని చెప్పండి. ఎవరికి ఏ టీకా బాకీ ఉందో ఏఎన్‌ఎంతో కలిసి జాబితా రాసుకుంటే చాలు.

మేడం వచ్చిన రోజు బిర్యానీలు, కూల్‌డ్రింకులు పెట్టకండి. ఎండన పడి వస్తారు, మజ్జిగ ఇవ్వండి. పిల్లలకు వండిందే కొంచెం రుచి చూస్తామంటారు, ఆ రోజుకని ప్రత్యేకంగా నెయ్యి వేయొద్దు. తెలియనిది అడిగితే ‘తెలియదు మేడం, నేర్చుకుంటాను’ అనండి, కొత్తవారని వాళ్లకూ తెలుసు. వెళ్లేముందు విజిట్ బుక్‌లో చూసినవన్నీ రాయమని మీరే అడగండి. త్రాసు పాతబడిందనీ, అద్దె రావడం లేదనీ, సరుకు తూకం తక్కువ వస్తోందనీ నోటితో చెప్పి ఊరుకోకుండా అందులో ఎక్కించమనండి. ఆ పేజీ ఫోటో తీసి పెట్టుకోండి. తర్వాత కొత్త త్రాసు కోసం ఆఫీసుకు వెళ్లినప్పుడు చూపించడానికి మీ దగ్గర ఉండే కాగితం అదొక్కటే.