బీటెక్ ట్రిపుల్ ఈ నాలుగేళ్లలో ఏమేం చదవాలి?

ఇంటర్ ఎంపీసీ అయ్యాక ట్రిపుల్ ఈ (ఎలక్ట్రికల్ అండ్ ఎలక్ట్రానిక్స్ ఇంజనీరింగ్)లో చేరితే ఏమేం చదవాలని అడిగారు. ఏఐసీటీఈ (అఖిల భారత సాంకేతిక విద్యామండలి) 2018 నమూనా పాఠ్యప్రణాళిక ప్రకారం బీటెక్‌కు మొత్తం 160 క్రెడిట్లు, ఎనిమిది సెమిస్టర్లు. యూనివర్సిటీని బట్టి వరుస కొంత మారుతుంది.

మొదటి ఏడాది అన్ని బ్రాంచీలదీ దాదాపు ఒకటే: గణితం, భౌతిక, రసాయన శాస్త్రాలు, సీ ప్రోగ్రామింగ్, ఇంజనీరింగ్ డ్రాయింగ్. అసలు కథ రెండో ఏడాదిలో మొదలవుతుంది. సర్క్యూట్లు, విద్యుదయస్కాంత క్షేత్రాలు, ఎలక్ట్రికల్ మెషీన్లు వస్తాయి. అవకలన సమీకరణాలు, లాప్లాస్ పరివర్తనలు పరీక్ష కోసమే చదివి వదిలేసినవారు సర్క్యూట్లలోనూ, తర్వాత కంట్రోల్ సిస్టమ్స్‌లోనూ తడబడతారు.

మెషీన్ల ల్యాబ్‌ను తేలిగ్గా తీసుకోకండి. ట్రాన్స్‌ఫార్మర్‌పై ఒకసారి ఓపెన్ సర్క్యూట్, ఇంకోసారి షార్ట్ సర్క్యూట్ పరీక్ష చేస్తారు. మొదటిది ఇనుప నష్టాన్ని (కోర్‌లో వృథా అయ్యే శక్తి), రెండోది రాగి నష్టాన్ని (తీగచుట్టల్లో వేడిగా పోయే శక్తి) చెబుతుంది. లోడు పెట్టకుండానే దక్షత లెక్కకట్టవచ్చు! డీసీ షంట్ మోటారు నడిపేముందు మాత్రం ఫీల్డ్ రియోస్టాట్ (అయస్కాంత క్షేత్రాన్నిచ్చే చుట్టలోని కరెంటును మార్చే నిరోధం) కనిష్ఠ నిరోధం దగ్గర ఉందో లేదో చూసుకోవాలి. లేకపోతే ఫీల్డ్ బలహీనమై వేగం హద్దు దాటుతుంది.

మూడో ఏడాది పవర్ సిస్టమ్స్, పవర్ ఎలక్ట్రానిక్స్, మైక్రోప్రాసెసర్లు. చివర్లో ఎలక్టివ్‌లు, ప్రాజెక్టు. విద్యుత్ సంస్థల్లో ఉద్యోగం కావాలనుకుంటే పవర్ సిస్టమ్స్‌పై పట్టు ఉండాలి. సాఫ్ట్‌వేర్ వైపు వెళ్లేవారు కూడా ఇవన్నీ పాసవ్వాల్సిందే, తప్పదు.